నెయ్యి పూస చెప్పిన పాఠం

పొద్దున లేస్తూనే లైటరు టక్కుమనిపిస్తాం. రవ్వ ఎగురుతుంది, పొయ్యి వెలుగుతుంది. అందులో బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. మరి ఆ రవ్వ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? పదిహేనేళ్లుగా వంట చేస్తున్నా నాకీ సందేహం రాలేదు, మా అక్క కూతురు చెప్పేదాకా.

కళ్యాణదుర్గం దగ్గర పల్లె వాళ్లది. అనంతపురంలో మా ఇంట్లో ఉండి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. శనక్కాయ పంట ఎండిపోయినా అప్పు తెచ్చి ఫీజు కట్టాడు మా బావ.

"లైటరులో చిన్న పింగాణీ ముక్క ఉంటుంది చిన్నమ్మా. దానిమీద దెబ్బ పడితే కరెంటు పుడుతుంది" అంది. కొన్ని స్ఫటికాలకు ఈ గుణం ఉందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారట. ఇప్పుడు ఈ పనికి ఎక్కువగా వాడే పీజడ్‌టీ అనే పదార్థం బరువులో 60 శాతానికి పైగా సీసమే! లైటరు వాడితే మనకేమీ కాదు. కానీ ఆ ముక్కను తయారుచేసేటప్పుడు కొలిమిలో సీసం ఆవిరవుతుంది, పారేశాక చెత్తకుప్పలో చేరుతుంది. పసిపిల్లల మెదడుకు సీసం చేసే చెరుపు తెలిసిందే కదా.

అందుకే సీసం లేని పింగాణీ కోసం వెతుకులాట. వాటిలో పాతది బేరియం టైటనేట్. బేరియం కొత్తదేమీ కాదు, మన పొరుగు కడప సీమలో మంగంపేట ముగ్గురాయిలో ఉండేదే.

మా పిల్ల చేసిన బిళ్లలు రెండు తూర్లు చెడిపోయినాయి. "పొడి అదే, కొలత అదే. లోపలి రేణువులు మరీ పెద్దవైపోయినాయి. ఇంక నా వల్ల కాదు, ఊరికి పోతా" అని ఒకటే ఏడుపు.

ఆ వేళ నేను వెన్న కాస్తున్నా. అదే వెన్న, అదే గిన్నె. నిదానంగా చల్లారితే నెయ్యి పూస కడుతుంది, ఫ్రిజ్జులో పెడితే గడ్డ కడుతుంది. "నీ బిళ్ల కథా ఇంతేనా?" అన్నా. కళ్లు తుడుచుకుని నవ్వింది.

"ఇంచుమించు ఇంతే. కాకపోతే ఇక్కడ చల్లార్చడం కన్నా కాల్చడం ముఖ్యం. 1300 డిగ్రీల వేడిలో ఎక్కువసేపు ఉంచితే పెద్ద రేణువులు చిన్నవాటిని మింగేస్తాయి."

రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్నప్పుడే ఈ పదార్థం బాగా పనిచేస్తుందట. ప్రతి రేణువులో అరలుంటాయి. అరల మధ్య గోడలు ఎన్ని ఉండి ఎంత సులువుగా కదిలితే అంత చురుకు. రేణువు పెద్దదైతే అరలు వెడల్పయి గోడలు తగ్గుతాయి. మరీ చిన్నదైతే రేణువుల సరిహద్దులు ఎక్కువై అడ్డుపడతాయి. ఇంకో లోపం, 120 డిగ్రీలు దాటితే దీని గుణమే పోతుంది. అందుకే వెతుకులాట ఆగలేదు.

మూడోతూరి కొలిమిలో ఉంచే సమయం తగ్గించింది. అంకె మెరుగుపడింది. "నాన్నకు ఏమని చెప్పేది చిన్నమ్మా? ఆయనకివన్నీ అర్థం కావు" అంది.

"పూస కుదిరిందని చెప్పు, అర్థమవుతుంది" అన్నా.

మీ ఇంట్లో పాత లైటరు ఉంటే పగలగొట్టి పిల్లల చేతికివ్వకండి. చెత్తలో పడేయకుండా, పాడైన ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవాళ్లకే ఇవ్వండి.