ఉప్పును ఆపే పొర

భీమవరం, నరసాపురం వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. కాలువ పారినన్నాళ్లూ ఫర్వాలేదు. ఎండాకాలంలో కాలువ కట్టేస్తే మాత్రం, ముందే నింపిపెట్టుకున్న మంచినీళ్ల చెరువే ఊరికి దిక్కు. ఆర్వో మిషను మన డెల్టాలో అంత తొందరగా పాతుకుపోయింది అందుకే. 2000 దశకంలో బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి పల్లెల్లో నీటిశుద్ధి కేంద్రాలు పెట్టింది. 2014లో ప్రభుత్వం 2 రూపాయలకే 20 లీటర్లంటూ ఎన్టీఆర్ సుజల పథకం మొదలెట్టింది. ఇప్పుడు అదే మిషను కొందరిళ్లలో చేపల తొట్టె పక్కకీ చేరింది. అక్కడ దాని పని వేరు.

ఈ మిషను మూలం 1748 నాటిది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ ఆంత్వాన్ నొల్లే ఒక పాత్రలో సారా పోసి, మూతికి పంది మూత్రాశయం బిగించి, నీళ్లలో ముంచాడు. బయటి నీరు లోపలికి చొరబడి పొర ఉబ్బిపోయింది. దీన్నే ఆస్మాసిస్ అంటాం. ఉప్పునీటి వైపు నుంచి గట్టిగా ఒత్తితే ఈ ప్రవాహం తిరగబడి, మంచినీరు అవతలికి వస్తుంది. ఇదే రివర్స్ ఆస్మాసిస్, అంటే ఆర్వో. సముద్రపు నీటికైతే ఆ ఒత్తిడి సుమారు 27 బార్లు దాటాలి. ఒత్తడానికి పంపులున్నాయి, పొరే దొరకలేదు. 1950ల్లో ఫ్లోరిడాలో ఛార్లెస్ రీడ్ సెల్యులోజ్ ఎసిటేట్ ఉప్పును ఆపుతుందని తేల్చాడు గానీ, నీరు చుక్కచుక్కగానే దిగేది.

చిక్కుముడి విప్పింది లాస్ ఏంజిలెస్‌లో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్. 1960 ప్రాంతంలో వాళ్లు తయారుచేసిన పొరకి రెండు వైపులూ ఒకటి కావు. పైన బహు సన్నని బిగువైన చర్మం, కింద దాన్ని మోసే రంధ్రాల పొర. ఉప్పును ఆపేది ఆ చర్మమే కాబట్టి, అది సన్నబడేసరికి నీరు ధారగా వచ్చింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా ఊళ్లో, ఒకప్పుడు తాగునీరు రైల్లో తెచ్చుకున్న ఊళ్లో, రోజుకు సుమారు 5,000 గ్యాలన్ల ఆర్వో ప్లాంటు నడిచింది. 1970ల్లో జాన్ కడాట్ పాలీఎమైడ్ పొర తెచ్చాడు. మన ఇంటి మిషన్లో చుట్టచుట్టి ఉండేది దాని వారసురాలే. వీధివీధికీ ఆర్వో ఉన్న దేశంలో సౌరిరాజన్ పేరు ఎంతమందికి తెలుసు?

ఇక తొట్టె దగ్గరికి వద్దాం. పగడాలు పెంచే 200 లీటర్ల ఉప్పునీటి తొట్టెలో లీటరుకు 35 గ్రాముల చొప్పున 7 కిలోల ఉప్పుంటుంది. రాజమండ్రి మే నెల ఎండకి రోజుకు 2 లీటర్లు ఆవిరైతే, నెలకు 60 లీటర్లు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గిందాన్ని ఉప్పునీళ్లతో నింపితే నెల తిరిగేసరికి మరో 2.1 కిలోల ఉప్పు చేరి, లీటరుకు 45 గ్రాములు దాటుతుంది. చాలా పగడాలు దాన్ని తట్టుకోలేవు. 300 టీడీఎస్ (లీటరుకు 300 మిల్లీగ్రాముల కరిగిన లవణాలు) ఉన్న కుళాయి నీళ్లు పోస్తే చేరేది 18 గ్రాములే, కానీ అందులోని నైట్రేట్, ఫాస్ఫేట్ నాచుకి మంచి మేత. వాటర్ టిన్ను నీళ్లు నయమే, అయినా సున్నా కాదు. తాగడానికి రుచిగా ఉండాలని ప్లాంటువాళ్లు కొంత లవణం ఉంచుతారు. అందుకే పగడాల తొట్టె వాళ్లు ఆర్వో తర్వాత డీఐ (డీ-అయొనైజేషన్) రెజిన్ గొట్టం బిగిస్తారు. పొర దాటి వచ్చిన కాస్త లవణాన్నీ ఆ రెజిన్ గింజలు పట్టేసుకుని, బదులుగా హైడ్రోజన్, హైడ్రాక్సిల్ అయాన్లు వదులుతాయి. ఆ రెండూ కలిస్తే నీరే. నీళ్లు మార్చేటప్పుడైతే ఇదే నీటిలో సముద్రపు ఉప్పు కలిపి, బాగా కరిగాక పోయాలి.

పొరకి క్లోరిన్ పడదు. పాలీఎమైడ్‌ను అది తినేస్తుంది. ముందున్న కార్బన్ ఫిల్టరు మార్చడంలో బద్ధకిస్తే ఖరీదైన పొర పోతుంది. మిషను బయటికి తోసే నీరు వచ్చే మంచినీటికి మూడు నాలుగు రెట్లుంటుంది. అది పారబోయకుండా ఇల్లు కడుక్కోవచ్చు. తొట్టెలో తగ్గినంత నీరు తనంతట తనే దిగడానికి ఫ్లోట్ వాల్వు పెట్టేవాళ్లు దాన్ని చిన్న డ్రమ్ముకి కలపాలి, నేరుగా మిషనుకి కాదు. వాల్వు ఇరుక్కుంటే డ్రమ్ములో ఉన్నంతే కారుతుంది, ఇల్లు చెరువవదు.

గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు పెంచేవాళ్లకి నా సలహా: ఈ మిషను జోలికి పోకండి. లవణమే లేని నీరు వాటికి ప్రమాదం. క్లోరిన్ తీసేసిన కుళాయి నీళ్లతో వారానికోసారి పావు వంతు మార్చుకుంటే చాలు. పగడాల మోజున్నవాళ్లు మాత్రం మిషనుతో పాటు టీడీఎస్ మీటరు కూడా కొనుక్కోండి. రెజిన్ దాటి వచ్చే నీటికి అది సున్నా చూపడం మానిన రోజున రెజిన్ మార్చండి.