కంగల్ కుక్క – మన ఇల్లు

ఇటీవల మన పట్టణములలో భారీ జాతి కుక్కలను పెంచుకొనవలెనను ఉత్సాహము యువకులలో హెచ్చినది. ‘ఈ జాతి మంచిదా?’ అని కొందరు విద్యార్థులు అడుగుచుందురు. ఆ కుక్కను తరతరములుగా ఏ పనికై తీర్చిదిద్దిరి, ఆ పని మన ఇంట గలదా అని ముందు విచారింపవలెను. టర్కీ దేశపు కంగల్ జాతిని తీసికొన్నచో ఈ విషయము చక్కగా బోధపడును.

మధ్య అనటోలియా పీఠభూమిలో సివాస్ ప్రాంతమున కంగల్ అను ఊరు కలదు. ఈ కుక్కకు ఆ ఊరి పేరే వచ్చినది. లేత గోధుమ వన్నె దేహము, నల్లని మూతి, వీపుమీదికి చుట్టుకొను తోక దీని గుర్తులు. ఎదిగిన మగకుక్క సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు, 50 నుండి 60 కిలోల బరువు ఉండును. తోడేళ్ళు గొంతు పట్టకుండుటకై కాపరులు దాని మెడకు ఇనుప ముండ్ల పట్టెడ వేయుదురు.

ఇది మందను తోలు కుక్క కాదు, మందను కాచు కుక్క. ఈ భేదము స్వల్పముగా తోచును గాని సమస్తము దీనిపైననే ఆధారపడియున్నది. తోలు కుక్క కాపరి ఈలను, చేతి సైగను కనిపెట్టి నడచును. కాచు కుక్క కూనగా ఉన్ననాటినుండి గొర్రెల నడుమ పెరిగి, వానినే తనవారిగా భావించును. అర్ధరాత్రి తోడేలు వచ్చినపుడు కాపరి నిద్రలో ఉండును. ఆజ్ఞ కొరకు వేచియుండు కుక్క అచ్చట నిష్ప్రయోజనము. కావున స్వయముగా నిర్ణయము చేయగల కుక్కలనే కాపరులు నిలుపుకొనిరి. అది మొదట మొరుగును; పిమ్మట మందకును శత్రువునకును నడుమ నిలుచును; అప్పటికిని లొంగనిచో మీదపడును. పిలిచిన వెంటనే రాకపోవుటను మనము మొండితనమందుము. కాపరికి అదే కావలసిన గుణము. నమీబియా దేశమున చీతాల సంరక్షణ సంస్థ ఒకటి 1994 నుండి రైతులకు అనటోలియా కాపలా కుక్కలను ఇచ్చుచున్నది. మేకలు దక్కినచో చీతాలను కాల్చవలసిన అవసరము రైతునకు ఉండదు గదా!

అట్టి కుక్కను మూడు గదుల ఇంటికి తెచ్చినచో దాని స్వభావము మారదు. ఇంటివారే దానికి మంద. పాలవాడు, తపాలావాడు, ఈద్ నాడు ఆలింగనము చేసికొనవచ్చు బంధువులు – వీరిలో శత్రువెవరో అదే నిర్ణయించును. పొరుగు పిల్లవాడు మన పిల్లవానితో సరదాకు కుస్తీ పట్టినను అది ఆటయని దానికి తెలియకపోవచ్చును. రాత్రియంతయు మొరుగుట దాని ఉద్యోగము. పరీక్షలకు చదువు పొరుగింటి విద్యార్థి సంగతి దానికి పట్టదు. మంచు పడు ప్రదేశమునకు తగిన దాని ఒత్తైన బొచ్చు మన మే నెల ఎండలకు తగదు. ఇంకొక మాట: కుక్కను కోరువాడు కుమారుడు, అతడు హాస్టలుకు పోయిన పిమ్మట 60 కిలోల జంతువు గొలుసు పట్టుకొనవలసినది తల్లి.

కుక్క యనగానే మన ఇండ్లలో తహారత్ ప్రశ్న వచ్చును. మాలికీ పండితులు కుక్కను శుద్ధమైనదిగానే ఎంచిరి. హనఫీల దృష్టిలో దాని లాలాజలము అశుద్ధము. అయితే మందకు, పొలమునకు, వేటకు కుక్కను ఉంచుకొనుటకు హదీసులలో అనుమతి కలదు. సూరె కహఫ్‌లోని కుక్క గుహ వాకిట కాళ్ళు చాచియున్నట్లు చెప్పబడినది. అనగా షరీఅత్ అడుగునదియు, కాపరి అడుగునదియు ఒకే ప్రశ్న – దానికి పని యేమి?

మేకలో, గొర్రెలో, ఎత్తైన ప్రహరీ గల తోటయో, పగలు రాత్రి అచ్చటనే ఉండు పెద్దవారో ఉన్నచో ఆలోచింపవచ్చును. చట్టమును కూడ విచారించుకొనవలెను. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకటి నిషేధింపదలచిన జాతులలో కంగల్‌ను చేర్చినది. ఆ ఉత్తరువును మరుసటి నెల కర్ణాటక హైకోర్టు కొట్టివేసినది. మున్సిపాలిటీ నియమములు వేరుగా ఉండవచ్చును. కూన ముద్దుగనే ఉండును. దాని అసలు స్వభావము తేలుటకు రెండేండ్లు పట్టును. కావున కొనదలచినవారు కూన తల్లిని అది ఉన్నచోటనే చూచి, అపరిచితుని ఎట్లు ఎదుర్కొనునో గమనింపవలెను. వీలైనచో రాత్రివేళ కూడ ఒకమారు వెళ్ళి వచ్చుట మేలు.