పాదులపై వాలు ఈగలు: పగయేది, చెలిమియేది?

బీర, కాకర, దోస పాదులయొద్ద పసుపుచారల ఈగ కనబడినంతనే పండుఈగయని తలంచి చంపుట పలువురు రైతులకు వాడుక. అట్లు చంపబడువానిలో మనకు మేలుచేయు సిర్ఫిడ్ ఈగలును గలవు. వీనిని పోగొట్టుకొనిన తోటలో పేనుబంక పెచ్చు పెరుగును.

రెండును నిజమైన ఈగలే, రెండింటికిని రెక్కలు రెండే. తేనెటీగకు, కందిరీగకు నాలుగు. కనుక చారలనుబట్టి మోసపోక మొదట రెక్కను చూడవలెను. పాదుల పండుఈగ రెక్క ముందంచున పొగచూరినట్టి గోధుమవన్నె పట్టెయు, కొనను పెద్ద మచ్చయు నుండును. పైరులయందు సామాన్యముగా కనబడు సిర్ఫిడ్ ఈగ రెక్క అద్దమువలె తేటగా నుండును. పిమ్మట చారలు: పండుఈగ వీపుపై నిలువుగా మూడు పసుపుగీతలుండును, సిర్ఫిడ్ ఈగకు బల్లపరుపు పొట్టపై నలుపు పసుపు పట్టెలు అడ్డముగా నుండును. ఆడు పండుఈగ తోకయందు గ్రుడ్లుపెట్టు సూది గలదు, కాని మగదానికి లేదు గనుక ఆ గుర్తునొక్కదానినే నమ్మరాదు.

చేతికి చిక్కకున్నను నడతనుబట్టి పోల్చవచ్చును. సిర్ఫిడ్ ఈగ త్రాటితో వ్రేలాడదీసినట్లు గాలిలో ఒకేచోట నిలిచి, తటాలున ప్రక్కకు తొలగును. చూడ ముచ్చటగా నుండును!

పండుఈగ పురుగు కాయలోపల గుజ్జు తిని కుళ్లించును. సిర్ఫిడ్ పురుగు ఆకుపైననే జలగవలె ప్రాకుచు, పేనులను పట్టి రసము పీల్చి తోలు విడుచును. దీనిని ఆకుతిను పురుగని నలిపివేయువారిని మేము పలుచోట్ల చూచితిమి.

పుచ్చుకాయలను నాడునాడు ఏరి లోతుగా పూడ్చవలెను. క్యూలూర్ ఎర మగ పండుఈగలను లాగును. పేనుబంకకు మందు చల్లుటకు ముందు ఆకు తిరుగవేసి చూడుడు. జలగవంటి పురుగులు మెండుగా నున్నచో కొలది దినములు మందు ఆపుడు.