సైనిక నియామకాలు: నిర్వహణాపరమైన సవాళ్ళు

ఎంపిక ప్రక్రియలోని దశలను గురించి ఇంతకు ముందు భాగంలో తెలుసుకున్నారు. ఆ దశల క్రమం, కాలవ్యవధి మారితే ఆ భారం ఎవరిపై పడుతుందో భారత సైన్యంలో జవాన్ల నియామకం ఉదాహరణగా ఇక్కడ పరిశీలిద్దాం.

1. దశల క్రమం

2023కు ముందు అభ్యర్థులను మొదట ర్యాలీకి పిలిచేవారు. 1.6 కిలోమీటర్ల పరుగు, ఇతర దేహదారుఢ్య పరీక్షలు, వైద్య పరీక్ష పూర్తయిన తరువాతనే రాత పరీక్ష ఉండేది. వేలాది మంది ర్యాలీ స్థలానికి చేరేవారు. తాగునీరు, వైద్య సహాయం, పోలీసు బందోబస్తు వంటి ఏర్పాట్లకు జిల్లా యంత్రాంగం సహకారం అవసరమయ్యేది. 2023 నుంచి ఆన్‌లైన్ ఉమ్మడి ప్రవేశ పరీక్షను మొదటి దశగా మార్చారు. అందులో ఎంపికైనవారినే ర్యాలీకి పిలుస్తారు. దీనివల్ల ర్యాలీల నిర్వహణ భారం తగ్గుతుంది. అయితే కంప్యూటర్ అలవాటు లేని గ్రామీణ యువకుడు మైదానంలో తన సామర్థ్యం చూపకముందే వడపోతలో ఆగిపోయే అవకాశం ఉంది. అంటే సంస్థకు తగ్గిన భారంలో కొంత అభ్యర్థికి బదిలీ అయింది.

2. జాప్యం

కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సంవత్సరాలలో ఆర్మీ నియామకాలు జరగలేదు. కొన్నిచోట్ల ర్యాలీలు ముగిసినా రాత పరీక్షలు వాయిదా పడుతూ వచ్చాయి. ఇతర ఉద్యోగాలలో జాప్యం జరిగితే అభ్యర్థి మరోచోట ప్రయత్నించవచ్చు. సైన్యంలో గరిష్ఠ వయస్సు తక్కువ కాబట్టి జాప్యమే అనర్హతగా మారుతుంది.

3. మార్పు నిర్వహణ

2022 జూన్ 14న ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. దీని ప్రకారం సేవాకాలం నాలుగేళ్ళు. ఆ తరువాత 25 శాతానికి మించకుండా శాశ్వత సేవలోకి తీసుకుంటారు. వయస్సు 17½ నుంచి 21 ఏళ్ళ మధ్య ఉండాలని అప్పట్లో నిర్దేశించారు. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నవారిలో అనేకులు ఈ పరిమితిని దాటిపోయారు. ఆ ఒక్క ఏడాదికి పరిమితిని 23 ఏళ్ళకు పెంచుతున్నట్లు రెండు రోజుల తరువాత ప్రకటించారు. అప్పటికే పలు రాష్ట్రాలలో ఆందోళనలు మొదలయ్యాయి. జూన్ 17న సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో జరిగిన హింసలో, పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించాడు.

ఈ ఉదాహరణ నుంచి గ్రహించవలసిన సూత్రం ఇది: కొత్త విధానం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, పాత ప్రక్రియ మధ్యలో ఉన్నవారి స్థితి ఏమిటో విధానంతోపాటే ప్రకటించాలి. సడలింపు ముందే ఇవ్వడం ప్రణాళిక, ఆందోళన తరువాత ఇవ్వడం దిద్దుబాటు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఎంపిక దశల క్రమాన్ని మార్చడం వల్ల సంస్థకు, అభ్యర్థికి కలిగే లాభనష్టాలను వివరించండి.