దుకాణం ఉంటెనే పాత గోడకు పానం

మాది నల్లగొండ దిక్కు, బత్తాయి తోటలున్న ఊరు. చిన్నప్పుడు మా నాయిన "మార్కెట్‌కు పోతున్న" అన్నడంటే అది కొత్తపేట పండ్ల మార్కెటే. తర్వాత నేను కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల దిగిన. గడ్డిఅన్నారంల ఉన్న గా మార్కెట్‌కు ఆడికెల్లి నడిచే పోవచ్చు. 2021ల దాన్ని బాటసింగారం తీసుకపోయిన్రు. తర్వాత పాత షెడ్లు కూలగొట్టి, గా జాగను టిమ్స్ దవాఖానకు ఇచ్చిన్రు. దవాఖాన వద్దని ఎవ్వరంటరు? కానీ ఇన్నేండ్ల మార్కెట్‌కు ఒక్క గోడ గూడ గుర్తు మిగల్లేదు.

అసలు గీ మార్కెట్ కొత్తపేటల పుట్టింది గాదు. 1980లల్ల మోజంజాహీ మార్కెట్ నుంచి వచ్చింది. గా పుట్టినిల్లు ఎట్లున్నదో చూద్దామని ఒకనాడు దిల్‌సుఖ్‌నగర్ల మెట్రో ఎక్కి, గాంధీభవన్ కాడ దిగి నడిచిన.

పండ్ల మండీ పోయి ఏండ్లయింది గానీ, బిల్డింగు మాత్రం నిలబడ్డది. 1935ల, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంల కట్టిన్రు. ఆయన రెండో కొడుకు మోజం జా పేరు పెట్టిన్రు. అంతా గ్రానైటు రాయి. చౌరస్తా మూలకు గడియారం బురుజు, దానికి రెండు దిక్కుల రెక్కల లెక్క దుకాణాల వరుసలు.

నడుమ దీని గతి గూడ ఆగమే అయింది. రేకులు, బోర్డులు, వైర్లు కమ్మి రాయి కానరాకుండ పోయింది. 2018ల బాగుచేసుడు మొదలువెట్టి, 2020 ఆగస్టుల మళ్ల తెరిచిన్రు. రేకులు పీకేసిన్రు, రాయిని కడిగిన్రు, సున్నంతోని మరమ్మతు జేసిన్రు.

సున్నమే ఎందుకు? పాత గోడలు తడిని పీల్చుకుంటయి, మళ్ల బయటికి ఇడుస్తయి. సిమెంటు పూస్తే గా తడి లోపట్నే చిక్కుకుంటది, గోడ లోపల్నుంచే పాడైతది. మన ఊర్ల పాత ఇండ్లకు సిమెంటు పూసినంక పెచ్చులూడేది గందుకే. సున్నం సంగతి తెలిసిన మేస్త్రి దొరుకుడు ఇప్పుడు కష్టమైతున్నది.

నాకు నచ్చిన ముచ్చట ఇంకోటున్నది. బాగుచేసి తాళం ఎయ్యలేదు, మ్యూజియం జెయ్యలేదు. అత్తరు దుకాణాలు, ఐస్‌క్రీం దుకాణాలు ఆడనే నడుస్తున్నయి. సీతాఫలం కాలంల సీతాఫలం ఐస్‌క్రీం, మామిడి కాలంల మామిడిది. మండీ పోయినా పండు వాసన పోలేదు. రోజూ షట్టరు లేపేటోడు ఉంటెనే కప్పు కారుతున్నదని ముందుగాల ఎరుకైతది.

లండన్ల కోవెంట్ గార్డెన్‌ది గూడ గిసొంటి కథనే. 1974ల కూరగాయలు, పండ్ల మార్కెట్‌ను వేరే జాగకు పంపిన్రు. పాత బిల్డింగును బాగుచేసి 1980ల దుకాణాలతోని తెరిచిన్రు. ఇప్పుడు అది టూరిస్టులు తిరిగే జాగ. బిల్డింగు బతికింది గానీ, కూరగాయల గంపలు మాత్రం తిరిగి రాలె.

మనం జాగ్రత్త పడాల్సింది గిక్కడనే. మెరుగువెట్టినంక కిరాయి పెరిగితే చిన్న దుకాణదారు ఎల్లిపోతడు, పెద్ద బ్రాండు వచ్చి కూసుంటది. అప్పుడు రాయి మిగులుతది, బజారు మిగల్దు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీ మండలంల గూడ పాత అంగడి షెడ్డో, గడీనో, రాతి దుకాణాల వరుసనో ఉండే ఉంటది. రేపు దాన్ని "కూలగొడ్తం" అన్నా, "బాగుచేస్తం" అన్నా మూడు సంగతులు అడుగుండ్రి. సున్నంతోని చేస్తరా, సిమెంటుతోనా? ఇయ్యాల ఆడ అమ్ముకునేటోళ్లకు మళ్ల జాగ ఇస్తరా? కిరాయి ఎంత?

మా గడ్డిఅన్నారంల గీ మాట అడిగే మోక గూడ లేకుండ పోయింది. మీకింకా ఉన్నది.