ఇంటి పనిగదిలో వెండి నగ: నాణ్యతకూ ఆరోగ్యానికీ మాటే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

విశాఖపట్నం: ఓడరేవు, ఉక్కు కర్మాగారం నెలకొన్న ఈ నగరంలో లోహమనగానే టన్నుల లెక్క స్ఫురించడం సహజం. 1933లో ఓడరేవు ప్రారంభం కాగా, ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైనది. ఈ భారీ పరిశ్రమల నీడలోనే వెండిని గ్రాములలో తూచి, ఇంటి ముందుగదిలో కుంపటి పెట్టుకొని నగలుగా మలచే వృత్తి కూడా కొనసాగుతున్నది. పాతనగరంలోని కురుపాం మార్కెట్ ప్రాంతం బంగారు, వెండి వర్తకానికి చిరకాలంగా పేరుపొందినది.

నడుము దిగువన బంగారం ధరించరాదనే ఆచారం వలన మట్టెలు, పట్టీలు, కడియాలు, పసిపిల్లల మొలతాళ్లు తెలుగువారి ఇళ్లలో వెండితోనే చేయించుకొనడం పరిపాటి. 2025లో కిలో వెండి ధర లక్షన్నర రూపాయలు దాటింది. ధర పెరిగినకొద్దీ కల్తీకి ప్రలోభం, కొనుగోలుదారుకు అనుమానం పెరుగుతాయి. ఈ పరిస్థితిలో ఇంటివద్ద చేతితో నగ చేసే స్వర్ణకారుని పరపతి దేనిపై నిలుస్తుందో, ఆయన కుటుంబ ఆరోగ్యం దేనిపై ఆధారపడుతుందో పాత్రికేయులకు, సంబంధిత అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ రెండింటికీ మూలం ఒక్కటే. అది నగలోని ముక్కలను అతికే ‘మాటు’, అనగా టంకం.

తీగ తయారీ

శుద్ధ వెండి 961.8 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అది మిక్కిలి మెత్తనిది కావున నిత్యం ధరించే నగలకు కొంత రాగి కలుపుతారు. వెయ్యి భాగాలలో 925 భాగాలు వెండి ఉన్న మిశ్రమం ప్రపంచమంతటా ‘స్టెర్లింగ్’ పేరిట చెలామణిలో ఉన్నది. 37 గ్రాముల శుద్ధ వెండికి 3 గ్రాముల రాగి చేర్చినచో 40 గ్రాముల 925 వెండి సిద్ధమగును.

మూసలో వెండిని, రాగిని కరిగించి, కొద్దిగా వెలిగారం చల్లి, అచ్చులో పోసి కడ్డీగా తీస్తారు. కడ్డీని దాగలిపై సుత్తితో సాగగొట్టి, ఆ పిమ్మట కమ్మచ్చులోని రంధ్రాల గుండా ఒకదాని వెంట ఒకటిగా లాగుతారు. ప్రతి రంధ్రం ముందరిదానికంటె సన్ననిది. ఇట్లు లాగేకొద్దీ తీగ బిరుసెక్కి విరగడానికి సిద్ధమవుతుంది. అందువలన మధ్యమధ్య దానిని మసక వెలుతురులో మందమైన ఎరుపు కనిపించేవరకు కాల్చి చల్లారుస్తారు. పట్టపగటి వెలుతురులో ఆ ఎరుపు కంటికి ఆనదు. తీగ కరిగిపోయేవరకు పొరపాటు తెలియదు. స్వర్ణకారుని కుంపటి గదిలో నీడపట్టున ఉండటానికి కారణమిదే.

కరీంనగర్ అనుభవం

ఈ తీగ పని పరాకాష్ఠను చేరిన చోటు కరీంనగర్. ఎలగందుల నుండి కరీంనగర్‌కు విస్తరించిన వెండి తీగ పనికి 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే, భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ప్రాంతం ప్రస్తుతం తెలంగాణ రాష్ట్రంలో ఉన్నది. ఒడిశాలోని కటక్ ‘తారకసి’ పనికి 2024లో అట్టి గుర్తింపే దక్కింది. ఈ రెండు కేంద్రాలకు నడుమ ఉన్న విశాఖపట్నం స్వర్ణకారులకు ఆ పనితనం పరిశీలించదగినది.

తీగ పనిలో రెండు సన్నని తీగలను కలిపి మెలివేసి, ఆ మెలికను నొక్కి చదును చేస్తారు. దానిని పట్టకారుతో పువ్వులుగా, ఆకులుగా, సుడులుగా వంచి, కొంత దళసరి తీగతో కట్టిన చట్రంలో ఇముడుస్తారు. అటుపైన వెలిగారం నీటితో తడిపి, మాటు పొడి చల్లి, ఊదుగొట్టం మంటతో అతుకుతారు. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు, చెవికమ్మలు ఈ పద్ధతిలోనే తయారవుతాయి. ఒక చిన్న చెవికమ్మలోనే పదుల సంఖ్యలో అతుకులు ఉండవచ్చును. అతుకులు పెరిగినకొద్దీ మాటు పాలు పెరుగుతుంది. స్వచ్ఛత సమస్య మొదలయ్యేది ఇచ్చటనే.

మాటు లెక్క

నగ లోహంకంటె ముందుగా కరిగితేనే మాటు అతుకుగా పనికివస్తుంది. అందుకొరకు దానిలో వెండి తగ్గించి రాగి, జింకు కలుపుతారు. అంటే మాటు స్వభావరీత్యానే నగకంటె తక్కువ స్వచ్ఛత గలది. దీని ప్రభావం ఎంతో ఒక ఉదాహరణతో తెలుసుకొనవచ్చును.

20 గ్రాముల నగలో 18 గ్రాములు 925 వెండి, 2 గ్రాములు 650 మాటు ఉన్నాయనుకొందాం. 18 గ్రాములలో శుద్ధ వెండి 16.65 గ్రాములు. 2 గ్రాముల మాటులో 1.30 గ్రాములు. మొత్తం 17.95 గ్రాములు. నగను కరిగించి పరీక్షించినచో తేలే స్వచ్ఛత 897.5 మాత్రమే. స్వర్ణకారుడు తెచ్చిన వెండి నిజమైన 925. ఆయన ఎవరినీ మోసగించలేదు. అయినను నగ మాట తప్పినది.

అదే నగకు 750 మాటు వాడినచో స్వచ్ఛత 907.5కు చేరుతుంది గాని 925ను అందుకొనదు. 650 మాటునే ఉంచి, తీగను 960 స్వచ్ఛతతో తీసినచో మొత్తం 929 తేలుతుంది. అతుకులు ఎక్కువగా ఉండే తీగ పనికి దాదాపు శుద్ధమైన వెండిని ఎంచుకొనడంలోని ఔచిత్యం ఈ లెక్కతో బోధపడుతుంది. శుద్ధ వెండి మెత్తదనం సన్నని సుడులు తిప్పడానికి కూడా అనుకూలమే. తీగ తీయకముందే ఎంత మాటు పడుతుందో అంచనా వేసి, దానికి తగినట్లు వెండి స్వచ్ఛతను నిర్ణయించుకొనడం ఇంటి పనివారు అలవరచుకొనవలసిన మొదటి క్రమశిక్షణ.

కుటుంబ ఆరోగ్యం

కొన్ని రకాల మాటులలో కాడ్మియం కలుపుతారు. అది కలిసినచో మాటు తక్కువ వేడికే కరిగి, సన్నని సందులలోనికి చక్కగా పారుతుంది. ‘కేడీఎం’ అనే మాట బంగారు దుకాణాల ద్వారా తెలుగునాట ప్రతి ఇంటికీ చేరినదే. కాడ్మియం 767 డిగ్రీల వద్ద ఆవిరిగా మారుతుంది. మాటు పెట్టే మంట ఆ వేడిని సులువుగా దాటుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు తక్షణ ప్రమాదం కలిగిస్తుంది. ఏళ్ల తరబడి పీల్చినచో మూత్రపిండాలు దెబ్బతింటాయి. కర్మాగారంలో ఆ పొగ పనివాని ముఖానికి మాత్రమే తగులుతుంది. ఇంటి పనిగదిలో అదే గాలిని పక్క గదిలోని పసివారు, వృద్ధులు పీల్చుతారు. కాడ్మియం లేని మాటును మాత్రమే కొనుగోలు చేయడం, కొన్నచోట ఆ విషయాన్ని వ్రాతపూర్వకంగా తీసుకొనడం తప్పనిసరి.

మాటు అనంతరం నగపై రాగి నల్లగా తేలుతుంది. పూర్వం చింతపండు నీటిలో మరగించి దానిని తొలగించేవారు. ఆ పద్ధతి నేటికీ నిరపాయకరమైనది. పలుచని గంధకామ్లం వాడేవారు ఆమ్లాన్నే నీటిలో కొద్దికొద్దిగా పోయవలెను. నీటిని ఆమ్లంలో పోసినచో చిమ్మి కళ్లకు ప్రమాదం. వాడిన ద్రవాన్ని వంటసోడాతో నిర్వీర్యం చేయక కాలువలోకి వదలరాదు. చివరగా కుంకుడు రసంతో, ఇత్తడి కుంచెతో తోమి మెరుగు తెస్తారు.

పనిగదికి ఎదురెదురుగా రెండు కిటికీలు, మంట పెట్టే చోట ఇటుకల పలక, చేతికందే దూరంలో పొడి ఇసుక బకెట్టు ఉండవలెను. వంటకు ఇచ్చిన గృహ వినియోగ గ్యాస్ సిలిండరును ఈ పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం. ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం పొందడంలోనూ చిక్కులు ఎదురుకావచ్చును. వాణిజ్య సిలిండరునే వాడవలెను.

ఆకురాయి పట్టినప్పుడు రాలే రజనును తోలుపట్టాలో పోగుచేసి తిరిగి కరిగిస్తారు. స్వర్ణకారుల గది ఊడ్పులను కడిగి లోహాన్ని వేరుచేసే ‘జలగడుగు’ పని ఒకప్పుడు ప్రత్యేక వృత్తిగా వర్ధిల్లినది. నేటి ధరల దృష్ట్యా రజను లెక్క పాటించడం లాభనష్టాలను నిర్ణయించే అంశం.

సముద్రపు గాలి, నలుపు

విశాఖపట్నంలో వెండి త్వరగా నల్లబడుతున్నదని, అది కల్తీ అని కొనుగోలుదారులు ఫిర్యాదు చేయడం కద్దు. గాలిలోని గంధక సమ్మేళనాలు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడటం దీనికి కారణం. తీరప్రాంతపు తేమ ఈ చర్యను వేగిరపరుస్తుంది. శుద్ధ వెండి సైతం నల్లబడుతుంది గనుక నలుపు కల్తీకి రుజువు కానేరదు. అల్యూమినియం రేకు పరచిన పాత్రలో వేడినీరు, వంటసోడా వేసి నగను కొద్దిసేపు ఉంచినచో ఆ పొర తొలగుతుంది. రాళ్లు, ముత్యాలు పొదిగిన నగలకు ఈ పద్ధతి పనికిరాదు. ‘జర్మన్ సిల్వర్’ పేరిట అమ్మే వస్తువులలో వెండి బొత్తిగా ఉండదని, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమమని కూడా ప్రజలకు తెలియజేయవలసి ఉన్నది.

హాల్‌మార్క్, ప్రభుత్వ చేయూత

వెండి స్వచ్ఛతకు భారతీయ ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) హాల్‌మార్క్ ప్రామాణికం. 2025 సెప్టెంబరు 1 నుండి వెండికి కూడా హెచ్.యు.ఐ.డి. విధానం ప్రవేశపెట్టబడినది. బి.ఐ.ఎస్. చిహ్నంతో పాటు ‘సిల్వర్’ అనే పదం, స్వచ్ఛత అంకె, అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల ప్రత్యేక సంఖ్య నగపై ముద్రిస్తారు. ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో ఆ సంఖ్యను నమోదు చేసి ఎవరైనను సరిచూసుకొనవచ్చును. 2021 జూన్ నుండి దశలవారీగా తప్పనిసరి చేసిన బంగారు హాల్‌మార్కింగ్‌కు భిన్నంగా వెండి విషయంలో ఈ విధానం స్వచ్ఛందంగానే ప్రారంభమైనది. మాటు లెక్క తప్పిన నగ పరీక్షలో నిలువదు. లెక్క పాటించిన చేతిపని పెద్ద దుకాణపు నగతో సరిసమానమైన ముద్ర పొందగలుగుతుంది. పేరులేని ఇంటి పనివానికి ఇది ఒక అవకాశం.

పెట్టుబడి విషయంలో 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం గుర్తించిన 18 వృత్తులలో స్వర్ణకార వృత్తి ఒకటి. 18 సంవత్సరాలు నిండి, స్వయం ఉపాధిపై చేతిపని చేసేవారు ఉమ్మడి సేవా కేంద్రాల ద్వారా నమోదు కావచ్చును. కుటుంబంలో ఒక్కరికే అర్హత. శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 భృతి, పనిముట్లకు రూ. 15,000, పూచీకత్తు లేకుండా తొలివిడత రూ. 1 లక్ష, మలివిడత రూ. 2 లక్షల రుణం 5 శాతం వడ్డీకి ఈ పథకంలో పొందుపరచబడినవి. తొలివిడత రుణంతో వాణిజ్య గ్యాస్, పొగ బయటకు లాగే ఫ్యాను, కచ్చితమైన ఎలక్ట్రానిక్ త్రాసు సమకూర్చుకొనడం వివేకవంతం.

అధికారుల దృష్టికి

శిక్షణ కార్యక్రమాలలో నమూనాలు, డిజైన్లకు ఇచ్చే ప్రాధాన్యం మాటు లెక్కకు, పొగ నివారణకు కూడా ఇవ్వవలసి ఉన్నది. నమోదుకు వచ్చిన స్వర్ణకారుని పనిగదిని చూసే క్షేత్రస్థాయి సిబ్బంది మూడు విషయాలు అడిగి తెలుసుకొనడం ఉపయుక్తం. మాటు ఎచ్చట కొన్నారు? దానిలో కాడ్మియం ఉన్నదా? పొగ ఏ దారిన పోతున్నది? ఈ మూడింటికి సంతృప్తికరమైన సమాధానం లభించిన ఇంట కొనుగోలుదారుకు చెప్పిన స్వచ్ఛత నిలుస్తుంది, పక్క గదిలో నిద్రించే బిడ్డకు మంచి గాలి అందుతుంది. ఈ విషయాలను ప్రజలలోనికి తీసుకొనిపోవడంలో పాత్రికేయ మిత్రుల సహకారం కోరడమైనది.