గ్రాడ్యుయేటా? గ్రాజుఅట్టా?

'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే మనలో చాలామంది నోట వచ్చే మాట 'ఐయామ్ ఎ గ్రాడ్యుయేట్'. అర్థమైపోతుంది కాబట్టి ఎవరూ ఆపి అడగరు. కానీ ఈ ఒక్క స్పెల్లింగ్‌కి రెండు ఉచ్చారణలున్నాయని తెలుసా?

సిలబుల్స్ మూడు: గ్రాడ్-యు-ఏట్. ఒత్తి పలకాల్సింది మొదటిదాన్నే. తేడా అంతా చివర్లో ఉంది. పట్టభద్రులు అనే అర్థంలో నామవాచకమైతే చివరి సిలబుల్ తేలిపోయి 'గ్రాజుఅట్' అవుతుంది. డిగ్రీ పూర్తిచేయడమనే క్రియ అయితేనే 'గ్రాజుఏట్'. అంటే 'ఐయామ్ ఎ గ్రాజుఅట్', 'ఐ గ్రాజుఏటెడ్ ఇన్ 2024' అన్నమాట.

మధ్యలో ఈ 'జు' ఏంటంటారా? డ్, యు వెంటవెంటనే పలికితే నాలుక దానంతటదే అటు జారుతుంది. ఎడ్యుకేషన్‌ని 'ఎజుకేషన్' అనడమూ ఇందుకే. బ్రిటిష్ ఉచ్చారణలో 'డ్యు' కూడా వినిపిస్తుంది కాబట్టి దానికోసం కంగారొద్దు. ముందు ఆ 'ఏట్' సంగతి చూసుకోండి.

ఎస్టిమేట్, డెలిగేట్‌లదీ ఇదే దారి. ఆఫర్ లెటర్లో కనిపించే 'అసోసియేట్' హోదా పేరు, అంటే నామవాచకం. కాబట్టి 'అసోసిఅట్'. సర్టిఫికెట్‌ని మాత్రం మనం ఎవరూ నేర్పకుండానే దాదాపు సరిగ్గా పలికేస్తున్నాం!

లాటిన్‌లో 'గ్రాడుస్' అంటే మెట్టు, అడుగు. చదువులో ఒక మెట్టు ఎక్కి పట్టా అందుకున్నవారు అనే అర్థంలో ఈ మాట 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో చేరింది. గ్రేడ్, గ్రాడ్యువల్ దీని చుట్టాలే. ఫ్రెంచ్ మీదుగా వచ్చిన 'డిగ్రీ' కూడా!

ఇంటర్వ్యూలో 'ఐయామ్ గ్రాడ్యుయేటెడ్' అనకండి. 'ఐ గ్రాజుఏటెడ్' చాలు. 'పాస్డ్ అవుట్' మన దగ్గర చెల్లుతుంది గానీ, విదేశీ క్లయింట్‌కి మీరు స్పృహతప్పి పడిపోయారని అర్థమవుతుంది. ఇంకోటి, అమెరికాలో హైస్కూల్ పూర్తిచేసినా గ్రాజుఅట్టే. అక్కడివాళ్లతో మాట్లాడేటప్పుడు 'కాలేజ్ గ్రాజుఅట్' అనండి, లేదంటే మీది ఇంటర్ దగ్గరే ఆగిందనుకోవచ్చు.